సూరారం దారిలో నర్సమ్మలు

హైదరాబాదు నుండి నర్సాపూర్ మీదుగా మెదకుకు పోయే దారి మన సంఘాలవారికి కొత్తది కాదు. క్రిస్మసుకని, కృతజ్ఞతార్పణకని, పిల్లల బాప్తిస్మానికని మెదకు గుడికి బయలుదేరిన కుటుంబాలు ఎన్నో ఏళ్లుగా ఈ దారినే పోతున్నాయి. బాలానగర్ దాటగానే జీడిమెట్ల, షాపూర్‌నగర్, తరువాత సూరారం, బహదూర్‌పల్లి, గండిమైసమ్మ చౌరస్తా, దుండిగల్, ఆ పైన నర్సాపూర్ అడవి. బస్సులో కూర్చున్నవారికి సూరారం దగ్గర చూడదగ్గది ఏమీ కనిపించదు. దుమ్ము, లారీలు, ఇనుప సామాను దుకాణాలు, చాయ్ హోటళ్లు. అడవి వచ్చేదాకా ఒక కునుకు తీద్దామనిపిస్తుంది. అయినా మన ప్రయాణం ఈసారి సూరారంలోనే కొంచెం ఎక్కువసేపు ఆగుతుంది.

ఒకప్పుడిది కుత్బుల్లాపూర్ పక్కనున్న పల్లె. 2007లో హైదరాబాదు మహానగరంలో కలిసింది. 2016 అక్టోబరులో జిల్లాలను విడదీసినప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది. పక్కనే జీడిమెట్ల పారిశ్రామికవాడ. అందులో మందులు తయారుచేసే ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల సంస్థ ఐ.డి.పి.ఎల్. తన కర్మాగారాల్లో ఒకదాన్ని బాలానగర్‌లో పెట్టింది. అక్కడ పని నేర్చుకున్నవారు తరువాత సొంత కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ స్థాపకులైన అంజిరెడ్డి గారు కూడా మొదట అక్కడ పనిచేసినవారే. ఐ.డి.పి.ఎల్. మూతపడినా ఆ విద్య ఈ ప్రాంతంలో నిలిచిపోయింది. మన ఇంట్లో జ్వరానికి వేసుకున్న మాత్ర ఈ దారి పక్కన తయారైనదే కావచ్చు.

మందులు తయారయ్యే ఈ చోటే ఇప్పుడు నర్సులు కూడా తయారవుతున్నారు. సూరారంలో మల్లారెడ్డి వైద్య కళాశాలల పెద్ద ఆసుపత్రి ఉంది. మేడ్చల్ దగ్గర ఘన్‌పూర్‌లో మెడిసిటీ వైద్య కళాశాల ఉంది. ఇటు కొంపల్లి నుండి అటు శామీర్‌పేట వరకు వెదికితే ఆసుపత్రులు, వాటిని అంటుకొని నర్సింగు బడులు కనిపిస్తాయి. ఉదయం డ్యూటీ మారే వేళ రోడ్డు దాటే ఆడపిల్లల గుంపును చూడండి. ఇస్త్రీ యూనిఫారం, బిగించి వేసుకున్న ముడి, చేతిలో రికార్డు పుస్తకం. వీళ్లలో ఆదిలాబాదు, ఖమ్మం, నల్లగొండ పల్లెల నుండి వచ్చినవారున్నారు. పాస్టరుగారి అమ్మాయిలు, సంఘపెద్దల మనుమరాళ్లు, కూలి చేసుకునే విశ్వాసుల బిడ్డలు చాలామంది ఉన్నారు. ఈ పత్రిక చదివే ఇళ్లలో కనీసం ఒక ఇంటినుండైనా ఒక నర్సమ్మ బయటికి వచ్చి ఉంటుంది.

మొన్న ఆ బస్సులో ఒక తల్లి ఒడిలో మామిడికాయ పచ్చడి సీసా పెట్టుకొని కూర్చుంది. హాస్టల్లో ఉన్న కూతుర్ని చూడటానికి పోతోంది. “మా బిడ్డకు సూది ఎట్ల వెయ్యాల్నో నేర్పిన్రట సార్. ఇంక రెండేండ్లకు ఉద్యోగమొస్తది” అంది సంతోషంగా. సంతోషించవలసిన విషయమే. ఆ తల్లి కట్టే ఫీజుకు ఆ ఉద్యోగం రావాలి కూడా. అయితే సూది వేయడం కాక ఇంకేం నేర్పుతున్నారు? మంచం మీద ఉన్న మనిషి శరీరం మాత్రమే కాడని, అతనికి ఒక భయం, ఒక కుటుంబం, ఒక దేవుడు ఉన్నారని ఆ అమ్మాయికి ఎవరు చూపిస్తున్నారు? రేపు మన ఊళ్లో ముసలివాళ్లు ఆసుపత్రి పాలైనప్పుడు వాళ్ల తలాపున నిలబడేది ఈ పిల్లలే. కాబట్టి ఈ ప్రశ్న మనదే.

పుస్తకంలో అయితే ఉంది. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యమంటే శారీరకంగా, మానసికంగా, సాంఘికంగా క్షేమంగా ఉండటమని నిర్వచించింది. 1984లో ఆ సంస్థ మహాసభ ఆరోగ్యానికి ఆత్మసంబంధమైన కోణం కూడా ఉందని తీర్మానంలో గుర్తించింది. నర్సింగు విద్యార్థులందరూ వర్జీనియా హెండర్సన్ అనే అమెరికన్ నర్సు పేరు చదువుతారు. మనిషికి నర్సు సాయపడవలసిన విషయాలు పద్నాలుగని ఆమె లెక్క చెప్పింది. ఊపిరి, ఆహారం, విసర్జన, నిద్ర, బట్టలు ఇలా సాగిన ఆ వరుసలో పదకొండవది, ఎవరి విశ్వాసం ప్రకారం వారు దేవుని ఆరాధించుకోవడం. నిద్రకు, స్నానానికి పక్కనే ఆరాధనను పెట్టిందా పెద్దమ్మ. పరీక్షలో ఈ పద్నాలుగూ వరుసగా రాస్తే మార్కులు పడతాయి. వార్డులో మొదటి పది పూర్తయ్యేసరికే డ్యూటీ అయిపోతుంది. పదకొండవది ఎవరికీ గుర్తుండదు.

ఇదంతా ఈ కాలపు కొత్త ఆలోచన అని కొందరు అనుకుంటారు. మూలం చాలా వెనుక ఉంది. రోమా పత్రిక 16వ అధ్యాయంలో పౌలు ఫీబే అనే పరిచారకురాలిని సంఘానికి అప్పగిస్తాడు. ఆ పరిచారకురాలి పదవిని జర్మనీలో థియొడోర్ ఫ్లీడ్నర్ అనే పాస్టరుగారు, ఆయన భార్య ఫ్రీడరికె మళ్లీ లేపారు. 1836లో కైజర్స్‌వెర్త్ అనే చిన్న ఊరిలో పల్లెటూరి ఆడపిల్లలను చేర్చుకొని రోగుల సేవ నేర్పారు. 1851లో ఫ్లోరెన్స్ నైటింగేల్ అక్కడికి వెళ్లి మూడు నెలలుండి నేర్చుకుంది. 1860లో ఆమె పేరున లండనులో నర్సుల బడి మొదలైంది. అంటే నేటి నర్సింగు చదువు తాతగారిల్లు ఒక పల్లె పాస్టరుగారి పెరడే.

ఆ విత్తనం మన నేలమీద ఎలా పడిందో చూడాలంటే మళ్లీ బస్సెక్కాలి. సూరారం నుండి తిన్నగా పోతే మెదకు. 1896లో ఎమిలీ పోస్నెట్, సారా హారిస్ అనే ఇద్దరు ఇంగ్లీషు స్త్రీలు వెస్లియన్ మిషను తరఫున అక్కడికి వచ్చారు. హారిస్ గారు శిక్షణ పొందిన నర్సు. అప్పటికి ఇది నిజాం రాజ్యం. గోషాలో ఉన్న స్త్రీలు మగవైద్యునికి నాడి చూపించేవారు కారు. పల్లెలో కాన్పు కష్టమైతే దిక్కు లేదు. ఆ మెదకు మిషను ఆసుపత్రిని ఇప్పుడు దక్షిణ ఇండియా సంఘం నడుపుతోంది. మన కళ్లు సహజంగా గోపురం మీదికే పోతాయి. కరువు రోజుల్లో ఆకలిగొన్నవారికి పని, అన్నం పెడుతూ చార్లెస్ పోస్నెట్ దొరగారు కట్టించిన ఆ గుడి 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠ అయింది. గుడి చూసి ఫొటో దిగి వెనక్కి తిరిగేవారు ఆసుపత్రిని కూడా ఒకసారి చూసి రావాలని నా కోరిక. మెదకు పరిచర్యలో గుడి, బడి, ఆసుపత్రి ఒకటే ఇల్లు.

గండిమైసమ్మ చౌరస్తా దగ్గర కుడివైపు తిరిగితే మేడ్చల్. అక్కడినుండి జాతీయ రహదారి పట్టుకొని తూప్రాన్, కామారెడ్డి దాటి పోతే నిజామాబాదుకు ముందు డిచ్‌పల్లి వస్తుంది. ఈ ఊరి గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు వైద్యురాలు 1903లో అబర్డీన్‌లో పట్టా పుచ్చుకొని, 1907లో భర్త జార్జ్ కెర్ గారితో హైదరాబాదు రాజ్యానికి వచ్చింది. నిజామాబాదులో ఆమె తలుపు దగ్గరికి కుష్ఠురోగులు వచ్చేవారు. వాళ్లను ఇంట్లోకి రానిచ్చేవారు లేరు, సత్రంలో చోటిచ్చేవారు లేరు. నర్సాగౌడ్ గారనే హిందూ దాత పెద్దమొత్తంలో సాయం చేయగా 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆశ్రమం లేచింది. అప్పట్లో ఉన్న వైద్యం చాల్‌మోగ్రా నూనె సూదులు. అది మహా నొప్పి. వారం వారం వేయించుకోవాలి. నెలలు, ఏళ్లు పట్టేది. అంత నొప్పిని మనిషి ఎందుకు ఓర్చుకుంటాడు? తన పక్కన ఉన్నవారు తనను మనిషిగా చూస్తున్నారని తెలిస్తే ఓర్చుకుంటాడు. డిచ్‌పల్లిలో రోగులు పొలం దున్నారు, తోటలు పెంచారు, ఇళ్లు కట్టారు, గుడిలో పాడారు. ఊరు వెలివేసినవారికి మళ్లీ ఒక ఊరు దొరికింది. పుండు కడిగి కట్టుకట్టే చేతులే వాళ్లకు మొదటి వైద్యం. ఆ చేతులు ఆ పుండును ముట్టుకోవడానికి వెనుకాడలేదు. కెర్ దొరసాని 1932లో ప్రభువు దగ్గరికి వెళ్లింది.

ఈ సంగతి ఇవాళ్టి విద్యార్థినులకు చెప్పవలసిన కారణం ఉంది. కుష్ఠుకు మంచి మందులు వచ్చాయి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సను సిఫారసు చేసింది. 2005 చివరికి మన దేశంలో ప్రజారోగ్య సమస్యగా కుష్ఠును నిర్మూలించామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ తరువాత కూడా ఏటా కొత్త కేసులు బయటపడుతూనే ఉన్నాయి. మందు సూక్ష్మజీవిని చంపింది. నయమైన మనిషిని అల్లుడుగా, కోడలుగా ఒప్పుకోవడానికి మాత్రం ఊరు ఇంకా వెనుకాడుతుంది. అక్కడ మాత్ర పనిచేయదు. ఇంటింటికీ తిరిగే నర్సమ్మ అరుగు మీద కూర్చొని, ఆ ఇంటి చేతి చాయ్ తాగి వస్తేనే పక్కింటివారి భయం కొంచెం తగ్గుతుంది.

తెలుగునాట ఈ కథ చెప్పుకుంటూ గుంటూరును వదిలితే తప్పవుతుంది. అమెరికా లూథరన్ సంఘం పంపిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో అక్కడికి వచ్చింది. ఆమె వైద్యురాలే గాని మిషనువారు మొదట ఆమెను వైద్యం చేయడానికి నియమించలేదు, జెనానా ఇళ్లలో స్త్రీలకు చదువు చెప్పడానికి పంపారు. రోగులు ఎక్కడ ఊరుకుంటారు? రెండేళ్లకు మిషనువారే ఆమెను వైద్య మిషనరీగా నియమించక తప్పలేదు. 1898లో ఆసుపత్రి తెరిచారు. ఆ రోజుల్లో పై కులాల స్త్రీలు పరాయి చేతి నీళ్లు తాగేవారు కారు. మందు పుచ్చుకోవడమే ఒక సమస్య, వార్డులో భోజనం ఇంకా పెద్ద సమస్య. రోగితో పాటు అత్త, తల్లి, వంటమనిషి వచ్చేవారు. వాళ్లను బయటికి తరిమితే రోగి కూడా వెళ్లిపోతుంది. కుటుంబం రోగంలో భాగమని, స్వస్థతలో కూడా భాగమని అక్కడ నేర్చుకున్నారు. ఏలూరు జమీందారుగారు కృతజ్ఞతతో ఆసుపత్రికి ఎదురుగా రోగుల బంధువుల కోసం ఒక సత్రం కట్టించారు. 1930లో చనిపోయేవరకు కుగ్లర్ గారు గుంటూరులోనే ఉన్నారు.

అదే గుంటూరుకు 1920లో మేరీ గ్లౌరీ అనే ఆస్ట్రేలియా వైద్యురాలు వచ్చి కథోలిక సన్యాసిని అయింది. 1943లో ఆమె ప్రారంభించిన కథోలిక ఆసుపత్రుల సంఘానికి ఇప్పుడు ప్రధాన కార్యాలయం సికింద్రాబాదులో, అంటే మన సూరారానికి దగ్గరలోనే ఉంది. మన ప్రొటెస్టెంటు ఆసుపత్రులకు 1905లో మొదలైన క్రైస్తవ వైద్య సంఘం ఉంది. అందులో నర్సుల లీగు 1930 నుండి పనిచేస్తోంది. వెల్లూరులో ఐడా స్కడ్డర్ గారి ఆసుపత్రి 1946లో నర్సింగు డిగ్రీ చదువు మొదలుపెట్టింది. చిత్తూరు జిల్లా ఆడపిల్లలకు వెల్లూరు ఇంటిపక్క ఊరులాంటిది.

ఈ మిషను ఆసుపత్రుల్లో మొదట నర్సులుగా చేరినది ఎవరు? రక్తం, మలమూత్రాలు ముట్టుకోవడం మైల అని పెద్దింటివారు తమ కూతుళ్లను పంపేవారు కారు. అనాథలు, విధవలు, మాల మాదిగ పల్లెల నుండి కొత్తగా ప్రభువును తెలుసుకున్న కుటుంబాల ఆడపిల్లలు వచ్చారు. ఊరి బావి దగ్గరికి రానివ్వని పిల్ల తెల్ల చీర కట్టుకొని జమీందారు ఇంటి ఇల్లాలికి థర్మామీటరు పెట్టింది. మన కుటుంబాల్లో మొదటి జీతం, మొదటి పక్కా ఇల్లు, మొదటి డిగ్రీ చాలాసార్లు ఒక నర్సమ్మ రాత్రి డ్యూటీలలోంచి వచ్చాయి. దీన్ని చెప్పుకోవడానికి మనవాళ్లు ఎందుకో మొహమాటపడతారు. పెళ్లి సంబంధాల దగ్గర “నర్సు ఉద్యోగమా” అని సాగదీసేవారు ఇప్పటికీ మన సంఘాల్లో ఉన్నారు. ఆ ఇంటి పెద్దావిడకు జబ్బు చేస్తే మాత్రం ముందుగా ఫోను చేసేది ఆ నర్సమ్మకే.

మళ్లీ సూరారం వంటి ఆసుపత్రి వార్డులోకి వద్దాం. సంపూర్ణ ఆరోగ్య సేవ అనే పెద్దమాటకు అక్కడ అర్థం చాలా చిన్న పనుల్లో ఉంటుంది.

ఆపరేషను ముందు ఒంటిమీద లోహం ఉండకూడదు. కరెంటు పరికరాలతో కాలే ప్రమాదం ఉంది. పల్లెటూరి తల్లి పుస్తెలతాడు గట్టిగా పట్టుకొని “ఇది మాత్రం తియ్య బిడ్డా, ఆయన బతికుండంగ ఎట్ల తీస్త” అంటుంది. తొందరలో ఉన్న నర్సు “తీయకపోతే డాక్టరు తిడతాడు” అని లాగేస్తుంది. ఆ తల్లి థియేటరులోకి వెళ్లేటప్పుడే సగం చచ్చిపోయినట్లు వెళ్తుంది. నేర్చుకున్న నర్సు ఏం చేస్తుంది? పక్కన కూర్చొని కారణం చెబుతుంది. భర్తనో, కూతురినో పిలిపించి వాళ్ల చేతనే తీయిస్తుంది. కావాలంటే పసుపుతాడు కట్టుకోనిస్తుంది. తీసింది వాళ్ల చేతిలోనే పెట్టి, ఆపరేషను అవగానే మెడలో వేయండని చెబుతుంది. మూడు నిమిషాల పని. మన విశ్వాసంలో తాయెత్తుకు చోటు లేదు, నిజమే. అయినా వేరొకరి పసిబిడ్డ మొలకున్న తాయెత్తును కత్తెరతో కత్తిరించి చెత్తబుట్టలో వేసే హక్కు ఏ నర్సుకూ లేదు. తీయవలసి వస్తే తల్లి చేతికి ఇవ్వాలి.

సాయిబుల ఇంటి పెద్దాయన ప్రార్థన వేళ పడమటి దిక్కు ఏదని అడుగుతాడు. మంచం కొంచెం తిప్పితే సరిపోతుంది. రమజానులో మాత్రల వేళలు ఎలా మార్చాలో డాక్టరుగారిని అడిగి చెప్పేది నర్సమ్మే. రామనామం చెప్పుకునే అవ్వ మంచం పక్కన రేడియో పాటలు ఆపించడం, యేసు నామమున ప్రార్థించమని కోరిన రోగికి పాస్టరుగారిని పిలిపించడం, ఇవన్నీ హెండర్సన్ గారి పదకొండవ అంకె కిందికే వస్తాయి.

ఇక్కడ మన విద్యార్థినులకు ఒక మాట చెప్పాలి. రోగి కోసం ప్రార్థించాలని మీ మనసులో ఉంటుంది. మౌనంగా ఎంతైనా ప్రార్థించండి, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పైకి ప్రార్థించాలంటే రోగిని అడగండి. వద్దంటే అంతటితో ఆపండి, ఆ తరువాత ఆ రోగికి చేసే సేవలో రవ్వంత కూడా తేడా రానీయకండి. సెలైను ఎక్కుతున్న మనిషి లేచి పోలేడు, తల తిప్పుకోలేడు. అలాంటివాని పక్కన నిలబడి ప్రసంగం చేయడం పరిచర్య అనిపించుకోదు. మంచి సమరయుని కథలో గాయపడినవాని మతమేదని ఎవరూ అడగలేదు. లూకా 10వ అధ్యాయం నెమ్మదిగా చదవండి. సమరయుడు నూనె, ద్రాక్షారసం పోసి, కట్టుకట్టి, తన వాహనం మీద ఎక్కించి సత్రానికి తెచ్చాడు. డబ్బు ఇచ్చింది మరునాడు. అంటే ఆ రాత్రంతా మంచం పక్కన ఉన్నది అతడే. బైబిలులో నాకు కనిపించే మొదటి నైట్ డ్యూటీ అది. యాయీరు కుమార్తె కథలో కూడా చూడండి. చనిపోయిన బిడ్డ లేచిన తరువాత అందరూ ఆశ్చర్యంలో మునిగిపోయి ఉంటే ప్రభువు ఆమెకు తినడానికి ఏదైనా పెట్టమన్నాడు. ఆకలి సంగతి గుర్తుపెట్టుకున్నది ఆయన ఒక్కడే.

నయం కాని రోగుల దగ్గర ఈ శిక్షణ ఎంత అవసరమో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఇంగ్లండులో సిసిలీ సాండర్స్ అనే ఆమె మొదట నర్సు, తరువాత వైద్యురాలు అయింది. మరణానికి దగ్గరైన మనిషి నొప్పిలో శరీరం, మనసు, కుటుంబం, ఆత్మ అన్నీ కలిసి ఉంటాయని చెప్పి 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ అనే ఆశ్రమం తెరిచింది. ఆ మార్గంలో మన దగ్గర కూడా పని జరుగుతోంది. హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రిలో నొప్పి తగ్గించే ఉపశమన సేవా విభాగం ఉంది. 2020లోనూ, 2021లోనూ కరోనా వార్డుల్లో బంధువులను రానివ్వనప్పుడు ఇంకొక పాఠం నేర్చుకున్నాం. ప్లాస్టిక్ దుస్తుల్లో చెమటలు కక్కుతూ, రోగి చెవి దగ్గర ఫోను పట్టుకొని ఇంటివాళ్ల మాట వినిపించినది నర్సులే. కొన్ని ఇళ్లకు అదే ఆఖరి మాట. ఆ పని ఏ సిలబసులోనూ లేదు.

ఇలాంటి నర్సులు ఎందుకు తక్కువగా కనిపిస్తారని అడిగితే, తప్పు పిల్లల మీద వేయడానికి నాకు మనసొప్పదు. బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని భారత నర్సింగు మండలి ప్రమాణం చెబుతుంది. ముప్పై మంచాల మధ్య ఇద్దరో ముగ్గురో పరుగెత్తే వార్డులు మనందరం చూశాం. అక్కడ రోగి పక్కన రెండు నిమిషాలు కూర్చోమని ఎవరిని అడగగలం? పైగా చాలా ప్రైవేటు చోట్ల కొత్త నర్సు జీతం హాస్టలుకు, ఇంటికి పంపడానికి సరిపోదు. పన్నెండు గంటల రాత్రి డ్యూటీ చేసి ఆదివారం ఆరాధనకు కూడా వెళ్లలేని పిల్ల ఎవరి ఆత్మను ఆదుకుంటుంది? ఆమె ఆత్మ గురించి అడిగేవారే లేరు. నర్సుల సేవ సంపూర్ణంగా ఉండాలని కోరే ఆసుపత్రి ముందుగా వాళ్ల నిద్రను, భోజనాన్ని, సెలవును సంపూర్ణంగా చూడాలి.

ఇంకొకటి, ఈ విద్య ఉపన్యాసంతో రాదు. పుస్తెల సంగతి ఏ క్లాసులో చెప్పినా పరీక్షతో మరిచిపోతారు. ఒక సీనియరు సిస్టరు ఆ తల్లి పక్కన కూర్చొని మాట్లాడుతుంటే చూసిన పిల్ల జన్మలో మరవదు. పాత మిషను ఆసుపత్రుల గొప్పతనం అక్కడే ఉంది. విద్యార్థినులు, టీచర్లు ఒకే కాంపౌండులో ఉండేవారు. పొద్దున ఒకే గుడిలో ప్రార్థన, తరువాత ఒకే వార్డులో పని. నేర్పేవారు ఎలా బతుకుతున్నారో నేర్చుకునేవారు రోజూ చూసేవారు. ఆ క్రమశిక్షణలో కఠినం కూడా ఎక్కువే ఉండేది, అది మళ్లీ రావాలని నేననను. టీచరు వార్డులోకి రాకుండా క్లాసురూములోనే ఉండే పద్ధతి మాత్రం పోవాలి.

అందుకని అమ్మాయిని చేర్చడానికి వెళ్లే తల్లిదండ్రులు ఫీజు, బిల్డింగు, బస్సు చూసి సరిపెట్టుకోవద్దు. జి.ఎన్.ఎం. మూడేళ్లు, బి.ఎస్సీ. నాలుగేళ్లు అక్కడే గడపాలి. నర్సింగు మండలి గుర్తింపు ఉందా అని మొదట అడగండి. మా అమ్మాయి ఏ ఆసుపత్రి వార్డులో పని నేర్చుకుంటుంది, అక్కడ నిజంగా రోగులున్నారా, టీచర్లు వార్డుకు వస్తారా అని అడగండి. వీలైతే ఆ వార్డు కారిడారులో ఒక పావుగంట కూర్చోండి. ఒక ముసలాయన నీళ్లడిగితే ఎంతసేపటికి వచ్చాయో చూడండి. ఏ బ్రోచరులోనూ దొరకని సమాచారం అది.

సూరారం, షాపూర్‌నగర్, గండిమైసమ్మ, మేడ్చల్ దారుల్లో మన సంఘాలు చాలా ఉన్నాయి. పల్లెల నుండి వచ్చిన రోగుల బంధువులు ఇలాంటి పెద్దాసుపత్రుల బయట మెట్లమీద, చెట్లకింద, బస్టాపులో చద్దర్లు పరుచుకొని పడుకోవడం రాత్రిపూట చూస్తాం. ఆడవాళ్లకు స్నానానికి చోటుండదు. గుంటూరులో జమీందారుగారు కట్టించిన సత్రం లాంటిదానికి ఇప్పుడు జమీందారు అక్కరలేదు. గుడి వెనుక ఖాళీగా ఉండే సండేస్కూలు గది, నాలుగు చాపలు, ఒక బకెట్టు వేడినీళ్లు, ఫోను చార్జింగు పెట్టుకునే ప్లగ్గు, తలుపు తీయడానికి ఒక సంఘపెద్ద, రాత్రి పదింటికి డ్యూటీ దిగివచ్చే ఆడపిల్లలు తినడానికి ఇంత అన్నం, పప్పు. గది ఏ మతంవారికైనా తెరిచి ఉంటుందని ముందుగా ఆసుపత్రివారికి ఒక ఉత్తరం రాసి, వార్డు సిస్టరమ్మకు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో చెప్పి రావాలి.